పాడికీ ఒక పంచాంగం

ఇంట పాడి ఉంటే లక్ష్మి ఉన్నట్లేనని మన పెద్దలు అంటారు. ఆ మాట నిజమే. అయితే పాడి అంటే కొట్టంలో పశువు కట్టి ఉండడం ఒక్కటే కాదు. ఆ పశువు సకాలంలో చూడి కట్టాలి, సకాలంలో ఈనాలి. ఈనని ఆవుకు పాలు లేవు. ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే గదా, దీన్ని పత్రికలో వ్రాయవలసిన అవసరమేమి అని చదువరులు అనుకోవచ్చును. మాకూ తెలిసిన సంగతే. తెలిసి ఉండి కూడా ఒక మంచి ఆవుకు గొడ్డుదని పేరు పెట్టి సంతకు తోలబోయినవాళ్ళం గనుక, మా అనుభవం నలుగురికీ ఉపయోగపడుతుందేమోనని ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాము.

మేము కోలారు జిల్లాలో ఒక పల్లెటూరివాళ్ళం. ముత్తాతల నాటినుంచీ ఇక్కడే ఉన్నాము. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, ఆఫీసు కాగితాలమీద కూడా కన్నడమే. మా సీమను పట్టు, పాలు, పసిడి పండే సీమ అని చెప్పుకునేవారు. పసిడి గనులు 2001 లో మూతబడ్డాయి. పట్టూ, పాలూ మిగిలాయి. మాకు పట్టు లేదు. రెండెకరాల మెట్ట, ఒక సీమావు, ఇదీ మా ఆస్తి. పదో తరగతితో చదువు ముగించి టౌనులో గుమాస్తా పనిలో చేరిన మాకు ఉదయం తొమ్మిది గంటల బస్సు, సాయంత్రం ఏడు గంటల బస్సు తప్ప పగటి పూట ఇంటి ముఖం చూసే వీలు లేదు. ఆవు పని యావత్తూ మా అమ్మదీ, మా ఇంటావిడదీ. పాల సంఘం లెక్క చూడడం, డాక్టరుతో మాట్లాడడం మాది. ఈ పంపకంలోనే లోపం ఉన్నదని మాకు తరువాత తెలిసింది.

మా గౌరి కథ

ఆవు పేరు గౌరి. నలుపు తెలుపు మచ్చల సీమావు. 2017 ఆగస్టు 20 న రెండవ ఈత ఈనింది. పూటకు ఏడు లీటర్ల చొప్పున రోజుకు పద్నాలుగు లీటర్లు ఇచ్చింది. అయిదారు నెలలు ఇంటి ఖర్చు చాలావరకు దాని పాలమీదే నడిచింది. పిల్లవాడి ఫీజు కూడా ఆ డబ్బుతోనే కట్టాము.

మళ్ళీ చూడి కట్టించాలని డిసెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి సూది వేయించాము. కృత్రిమ గర్భధారణను మా ఊళ్ళో సూది అనే అంటారు. మూడుసార్లూ నిలవలేదు. 2018 మే నెలకు పాలు పూటకు లీటరుకు దిగాయి. మేత మాత్రం దిగలేదు. ఊళ్ళో ఒకరిద్దరు, "ఇది గొడ్డుబోయింది స్వామీ, ఇంకా ఎందుకు మేపుతారు?" అన్నారు. దళారి కూడా వచ్చాడు. పండ్లు చూశాడు, పొదుగు తడిమాడు, పన్నెండు వేలు ఇస్తానన్నాడు. మేము ఆ ఆవును కొన్న ధరలో అది మూడోవంతు కూడా కాదు. అయినా ఒప్పుకునే స్థితికి వచ్చాము.

అమ్మ ఒప్పుకోలేదు. "దానికేం రోగమురా నాయనా? వేళకు తింటోంది, నెమరు వేస్తోంది. ఒకసారి పెద్ద డాక్టరుకు చూపించి అమ్మరాదా?" అన్నది. అమ్మ మాట తీసివేయలేక మే 28 న పశువుల డాక్టరుగారిని పిలుచుకొని వచ్చాము. ఆయన చేతికి తొడుగు వేసుకొని లోపల పరీక్ష చేశారు. గర్భసంచి బాగున్నదనీ, అండాశయం కూడా పని చేస్తున్నదనీ చెప్పారు. తరువాత మావైపు తిరిగి, "ఇంతకు ముందు ఏ ఏ తేదీల్లో ఎదకు వచ్చింది?" అని అడిగారు.

మేము నోరు తెరవలేకపోయాము. ఆఫీసులో ఎవరి అర్జీ ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన ఏ బల్లమీదికి పోయింది అని రోజంతా రిజిష్టరులో వ్రాసేవాళ్ళం. మా ఇంట్లో అన్నం పెట్టే ఆవు విషయంలో ఒక్క తేదీ చెప్పలేకపోయాము. సూది ఏ రోజున వేయించామో కూడా నెల మాత్రమే జ్ఞాపకం. మనిషి ఎప్పుడు దొరికితే అప్పుడు, మాకు సెలవు ఎప్పుడు ఉంటే అప్పుడు వేయించామే గాని ఆవుకు ఎప్పుడు కావాలో చూడలేదు.

అప్పుడు కొట్టం గడపలో నిలబడిన అమ్మ నెమ్మదిగా అన్నది: "పదిహేను రోజుల కిందట తెల్లవారుజామున తీగ వేసింది అయ్యా. అంతకు ముందు కూడా చూశాను. మూడు వారాలకోసారి వేస్తూనే ఉంది."

డాక్టరుగారు నవ్వి, "ఆవుకు జబ్బు లేదు. మీ ఇంట్లో పుస్తకం లేదు, అంతే" అన్నారు.

చూసేవారు మాట్లాడలేదు, మాట్లాడేవాళ్ళం చూడలేదు. అమ్మను మేము ఎన్నడూ అడగలేదు. ఆ సాయంత్రమే పిల్లవాడి పాత నోటుపుస్తకం ఒకటి తీసి, ముక్కు దగ్గర చిల్లు పొడిచి, దారం కట్టి, పెన్సిలుతో సహా కొట్టం స్తంభానికి వ్రేలాడదీశాము.

ఇరవై ఒక్క రోజుల లెక్క

ఈ విషయమై డాక్టరుగారు చెప్పినదీ, మేము తరువాత చదివి తెలుసుకొన్నదీ చదువరులకు మనవి చేస్తాము.

తెలుగులో ఎద అంటాము, కన్నడంలో బెదె అంటారు. మాట ఒకటే, సంగతీ ఒకటే. ఆవు చూడితో లేనప్పుడు సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. కొన్నిటికి 18 రోజులు, కొన్నిటికి 24 రోజులు. ఆ ఎద ఉండేది 12 నుంచి 18 గంటలు మాత్రమే. ఎద తగ్గిన తరువాత సుమారు 10, 12 గంటలకు అండం విడుదల అవుతుంది. అండం బ్రతికి ఉండేది కొద్ది గంటలే. బీజం అప్పటికే లోపల సిద్ధంగా ఉండాలి. మరీ ముందుగా వేస్తే బీజం నశిస్తుంది. మరీ ఆలస్యమైతే అండం నశిస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు ఒక సులువైన సూత్రం చెబుతారు: ఎద ఉదయం కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం వేయించాలి. మేము మూడుసార్లూ ఈ సూత్రానికి వ్యతిరేకంగానే నడిచి ఉంటామని ఇప్పుడు అనుకొంటున్నాము.

ఎద గుర్తులు కొన్ని అందరికీ తెలిసినవే. ఆవు నిలకడగా ఉండదు, అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, పాలు ఆ పూట తగ్గుతాయి, మాటిమాటికీ మూత్రం పోస్తుంది. మానం కొంచెం ఉబ్బి, గాజులా తేటగా ఉండే జిగురు తీగలు తీగలుగా వ్రేలాడుతుంది. తోకకూ పిర్రలకూ అంటుకొని ఎండిపోయి కూడా కనిపిస్తుంది. అన్నిటికన్న నమ్మదగిన గుర్తు, మరో పశువు పైకి ఎక్కినప్పుడు కదలక నిలబడడం.

ఇక్కడే మనబోటి ఇళ్ళలో చిక్కు వస్తున్నది. మందలో తిరిగే ఆవుకు ఈ గుర్తు దాగదు. కట్టుకొయ్యకు కట్టి ఉన్న ఒంటి ఆవుపైకి ఏ పశువు ఎక్కుతుంది? పైగా ఈ అలజడి ఎక్కువగా రాత్రివేళా, తెల్లవారుజామునా ఉంటుంది. పాలు ఎక్కువ ఇచ్చే సీమావులలో ఎద మరీ తక్కువసేపు ఉంటుంది. మనం లేచి పాలచెంబు పట్టుకొనేసరికి సగం అయిపోయి ఉంటుంది. కనుక ఒంటి ఆవు ఉన్న ఇంట తీగే ముఖ్యమైన గుర్తు. తెల్లవారుజామున పేడ తీయకముందు ఆవు పడుకొన్న చోటు చూడాలి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, లాంతరో టార్చీయో పట్టుకొని చూడాలి. ఒక్కొక్కసారి పావుగంట చాలును.

ఇంకొక గుర్తు మాకు బహు ఉపయోగపడింది. ఎద పోయిన ఒకటి రెండు రోజులకు కొన్ని ఆవులకు కొంచెం నెత్తురు చార కనిపిస్తుంది. అది చూసి కొందరు భయపడతారు. కొందరు అదే ఎద అనుకొని సూది వేయిస్తారు. రెండూ పొరపాటే. అది ఎద దాటిపోయిందని చెప్పే గుర్తు. ఆ రోజును పుస్తకంలో వ్రాసి, అక్కడినుంచి 18, 19 రోజులు లెక్కపెట్టి కాచుకొని ఉంటే తరువాతి ఎద తప్పిపోదు.

మా పుస్తకంలో మొదటి పుటలో అమ్మ చెప్పగా మా ఇంటావిడ వ్రాసినది ఇది: 2018 జూన్ 3, ఆదివారం, తెల్లవారుజామున తీగ. ఆదివారం కావడంచేత మనిషి దొరకలేదు. సోమవారం మధ్యాహ్నం దొరికితే, వేళ మించిపోయిందని ఆ ఎద వదిలివేశాము. జూన్ 5 న నెత్తురు చార. జూన్ 21 నుంచి అమ్మ నిద్ర మానుకొని కాచుకొన్నది. జూన్ 25, సోమవారం తెల్లవారుజామున మళ్ళీ తీగ. ఆ రోజు సగం పూట సెలవు పెట్టి సాయంత్రం వేయించాము. జూలై పదిహేను దాటింది, ఇరవై దాటింది, ఎద రాలేదు. రెండు నెలలు నిండిన తరువాత డాక్టరుగారు చేయి పెట్టి చూసి చూడి అని ఖాయం చేశారు. మళ్ళీ ఎదకు రానంత మాత్రాన చూడి అని నమ్మి కూర్చోరాదు, పరీక్ష చేయించవలసిందేనని ఆయన చెప్పారు.

నష్టం ఎంత?

మేము గుమాస్తాలం గనుక లెక్క వేసి చూసుకొన్నాము. ఆవు ఈనిన తరువాత గర్భసంచి సర్దుకోవడానికి 40, 45 రోజులు పడుతుంది. రెండు నెలలు నిండిన తరువాత వచ్చే ఎదకు వేయించి, మూడు నెలల లోపున చూడి కట్టించగలిగితే, తొమ్మిది నెలల పైచిల్లర మోసి, ఏడాదికో పదమూడు నెలలకో ఆవు మళ్ళీ ఈనుతుంది. మా గౌరి ఈనినది 2017 ఆగస్టు 20 న, చూడి కట్టినది 2018 జూన్ 25 న. మధ్య 309 రోజులు. మూడు నెలలు న్యాయంగా తీసివేసినా, దాదాపు పది ఎదలు మా కళ్ళముందే పోయాయి. ఒక్కొక్క ఎద పోతే 21 రోజుల మేత దండుగ. రోజుకు నూరు రూపాయలు అనుకొన్నా ఎదకు 2,100 రూపాయలు. పది ఎదలకు 21,000. దళారి ఇస్తానన్నది అందులో సగం పైచిల్లర మాత్రమే.

మరో విధంగా చూడండి. పదమూడు నెలలకు ఒకసారి ఈనే ఆవు ఆరున్నర ఏళ్ళలో ఆరు ఈతలు ఈనుతుంది. పంతొమ్మిదిన్నర నెలలకు ఒకసారి ఈనే ఆవు అదే కాలంలో నాలుగే ఈనుతుంది. రెండు ఈతల పాలు, రెండు దూడలు పోయినట్లే. ఆవును నిందిస్తాము గాని ఆ రెండు దూడలను పోగొట్టినది మనమే.

మేత లోపం

అన్ని ఆవులదీ మా గౌరి కథే అని చెప్పము. కొన్ని నిజంగానే ఎదకు రావు. ఈనిన కొత్తలో పాలు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆకలి అంత త్వరగా పెరగదు. జమకన్న ఖర్చు ఎక్కువైన ఇంటివలె, ఆవు తన ఒంట్లో ఉన్న కొవ్వు కరిగించి పాలు ఇస్తుంది. నడుము ఎముకలు, ప్రక్కటెముకలు బయటపడతాయి. ఆ స్థితిలో అండాశయం పని మానుకొంటుంది. తన ప్రాణమే గడవని కాలంలో మరో ప్రాణిని మోయడం వద్దని ప్రకృతి చేసిన ఏర్పాటు అది.

దీనికి సూదులకన్న ముందు గాడి చూసుకోవాలి. ఒట్టి రాగి గడ్డి కడుపు నింపుతుందే గాని పాలావుకు చాలదు. పచ్చి మేత కావాలి. మా ప్రాంతంలో పట్టుపురుగులు తిని వదిలిన మల్బరీ ఆకునూ, కొమ్మలనూ పశువులకు వేస్తారు. అది మంచి మేత. నేపియర్ గడ్డి నాలుగు సాళ్ళు నీటి కాలువ వెంట వేసుకొన్నా ఒక ఆవుకు చాలా ఆసరా. వీటికి తోడు తవుడు, చెక్క, పాలకు తగినంత దాణా, రోజుకు 50 గ్రాముల లవణమిశ్రమం. ఆ లవణమిశ్రమం ఎంతోమంది ఖర్చని మానివేస్తారు. అందులో భాస్వరం, రాగి, తుత్తునాగం వంటివి ఉంటాయి. అవి కొరవడితే ఎద అడుగంటుతుంది. సమయానికి నట్టల మందు కూడా వేయించాలి.

ఎద సక్రమంగా వచ్చి, సకాలంలో వేయించినా మూడు నాలుగుసార్లు నిలవకపోతే దానిని తిరగపొర్లడం అంటారు. అప్పుడు సూది మీద సూది వేయించడం తెలివి కాదు. తీగ తేటగా కాక చీములాగా, మసకగా ఉంటే గర్భసంచిలో చెరుపు ఉన్నట్లు. దానికి వైద్యం చేయించి, ఒక ఎద వదలి, తరువాత వేయించాలి.

గేదెలు పెంచేవారికి

మా ప్రాంతంలో ఆవులే ఎక్కువ. మన పత్రిక చదివే బరంపురం వైపువారికీ, యానాం వారికీ గేదెలతోనే పని. గేదె విషయంలో ఈ కాపలా ఇంకా కష్టం. గేదె ఎదను మూగ ఎద అంటారు. అది ఆవువలె గంతులు వేయదు, ఒకదానిమీద ఒకటి ఎక్కడం కూడా తక్కువ. తీగ కూడా వ్రేలాడదు. పడుకొన్నప్పుడు కొంచెం జారి నేలమీద కనిపిస్తుంది. మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు చేపకపోవడం, అకారణంగా అరవడం చూసి పోల్చుకోవాలి. ఎండలు ముదిరిన కాలంలో గేదెలు ఎదకు రావడం బాగా తగ్గి, చలికాలంలో ఎక్కువవుతుంది. కనుక వేసవిలో వాటికి నీడ, మధ్యాహ్నం నీళ్ళలో పడుకొనే వసతి, లేదా రెండు మూడుసార్లు ఒళ్ళు తడపడం చాలా అవసరం. ఆవు సుమారు 280 రోజులు మోస్తే గేదె సుమారు 310 రోజులు మోస్తుంది. ఆవుకు తొమ్మిది నెలల తొమ్మిది రోజులు, గేదెకు పది నెలల పది రోజులు అని జ్ఞాపకం పెట్టుకొంటే సులువు.

మైసూరులో మొదలైన పని

ఈ సూది పద్ధతి ఎక్కడో పై దేశాలనుంచి నిన్నమొన్న వచ్చినదని చాలామంది అనుకొంటారు. మన దేశంలో ఇది మొదట జరిగినది మా రాష్ట్రంలోనే. 1939 లో మైసూరులోని ప్యాలెస్ డైరీ ఫారంలో డాక్టర్ సంపత్కుమారన్ గారు ఆవులకు కృత్రిమ గర్భధారణ చేశారు. 1943 లో అలహాబాదు వ్యవసాయ సంస్థలో ఈ పద్ధతిన మొదటి గేదె దూడ పుట్టింది. ఆ రోజుల్లో బీజాన్ని చల్లబరచి ఒకటి రెండు రోజుల్లో వాడవలసి వచ్చేది. 1949 లో ఇంగ్లండులో గ్లిసరిన్ కలిపి బీజాన్ని గడ్డకట్టించినా చావకుండా నిలపవచ్చునని కనిపెట్టారు. అందువల్లనే ఈనాడు సున్నాకు దిగువన 196 డిగ్రీల చల్లదనంగల నైట్రోజన్ ద్రవంలో సన్నని గొట్టాలలో బీజాన్ని ఏళ్ళ తరబడి దాచగలుగుతున్నారు. ఆ గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచి వాడతారు. ఆడదూడలే ఎక్కువగా పుట్టేటట్లు వేరుచేసిన బీజం కూడా ఇప్పుడు దొరుకుతున్నది.

ఇంత శాస్త్రం మన గుమ్మంలోకి వచ్చింది. కాని ఆ గొట్టం ఎంత మంచిదైనా, వేళ తప్పితే చేసేది ఏమీ లేదు. ఆ వేళ ఏదో చెప్పగలిగినవారు కొట్టంలో పేడ ఎత్తేవారే.

ఈత, జున్ను

పుస్తకం చూడి కట్టడంతో ముగియదు. చూడి తేదీ తెలిస్తేనే ఈత తేదీ తెలుస్తుంది. ఈత తేదీ తెలిస్తేనే పాలు ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. ఈతకు రెండు నెలల ముందు పాలు పితకడం మానివేయాలి. పొదుగుకు విశ్రాంతి, కడుపులో దూడకు బలం, వచ్చే ఈతకు పాలు, మూడూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. ఇంకా పాలు వస్తున్నాయి గదా అని ఆశపడితే వచ్చే ఈతలో అంతకు అంత పోతుంది. మా గౌరిని 2019 జనవరి ఆఖరులో వట్టిపోనిచ్చాము. లెక్కప్రకారం ఏప్రిల్ 1 న ఈనాలి. ఏప్రిల్ 3 న ఈనింది. పెయ్యదూడ.

ఈనిన తరువాత మాయ పన్నెండు గంటల లోపల పడిపోవాలి. పడకపోతే బరువులు కట్టడం, చేతితో లాగడం చేయరాదు; డాక్టరును పిలవాలి. ఎక్కువ పాలిచ్చే ఆవు ఈనిన రెండు మూడు రోజుల్లో ఒళ్ళు చల్లబడి, లేవలేక, మెడ ప్రక్కకు తిప్పుకొని పడుకొంటే అది నెత్తురులో సున్నం తగ్గిన పాలజ్వరం. పేరుకు జ్వరమే గాని ఒళ్ళు కాలదు. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. డాక్టరు సకాలంలో వచ్చి నరానికి సున్నపు మందు ఎక్కిస్తే కొద్దిసేపట్లోనే లేచి నిలబడవచ్చును.

ఇక జున్ను సంగతి. తెలుగువారు ఎక్కడ ఉన్నా ఆవు ఈనితే ఇరుగుపొరుగులకు జున్ను పంచనిదే తోచదు. మా ఊళ్ళో కన్నడంవారు గిణ్ణు అంటారు, వారికీ అదే సరదా. మేము వద్దనడం లేదు. అయితే మొదటి హక్కు దూడది. దూడ తల్లి కడుపులోనుంచి రోగనిరోధకశక్తి తెచ్చుకోదు. జున్నుపాలనుంచే అది రావాలి. దూడ పేగులు ఆ శక్తిని పుట్టిన మొదటి గంటల్లోనే బాగా పీల్చుకొంటాయి, ఒక రోజు దాటితే పీల్చుకోలేవు. అందుచేత పుట్టిన గంటలోపల తాగించాలి. మొదటి రోజున దూడ బరువులో పదోవంతు, అనగా 30 కిలోల దూడకు 3 లీటర్లు, రెండు మూడు విడతలుగా పట్టాలి. మాయ పడేదాకా దూడను విడువరాదని కొందరు ఆపుతారు, అది తప్పు. దూడ చీకడంవల్ల మాయ పడడానికి సాయమే అవుతుంది.

ఒక హెచ్చరిక

చూడి పశువు ఆరో నెలలోనో ఏడో నెలలోనో ఈసుకుపోతే దిష్టి అనీ, కాలు జారిందనీ సరిపెట్టుకోరాదు. బ్రూసెల్లోసిస్ అనే అంటువ్యాధివల్ల ఇట్లా జరుగుతుంది. అది మనుషులకు కూడా అంటుతుంది; వచ్చి పోయే జ్వరం, కీళ్ళ నొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. కాబట్టి ఈసుకుపోయిన పిండాన్నీ మాయనూ ఒట్టి చేతులతో ముట్టుకోరాదు, కుక్కలకు వేయరాదు. సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. పాలు కాచనిదే తాగరాదు. ఆడదూడకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులోపల ఒక్కసారి టీకా వేయిస్తే దీనికి జన్మకు రక్షణ. గాలికుంటుకూ, ఈ వ్యాధికీ దేశమంతటా టీకాలు వేసే పథకం 2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభమైనది. మా పెయ్యకు టీకా వేసిన తేదీ కూడా మా పుస్తకంలో ఉన్నది. వయసు తెలియనిదే ఆ టీకా వేళ తెలియదు. పుట్టిన తేదీ వ్రాయనిదే వయసు తెలియదు.

పుస్తకంలో ఏమి వ్రాయాలి?

పెద్ద చదువు అక్కరలేదు. ఒక్కొక్క పశువుకు ఒక పుట. పైన దాని చెవి బిళ్ళమీద ఉండే పన్నెండు అంకెల నంబరు. దిగువన వరుసగా, ఈనిన తేదీ, ఎద కనిపించిన ప్రతి తేదీ, ఉదయమో సాయంత్రమో, సూది వేసిన తేదీ, వేళ, గొట్టంమీద ఉన్న కోడె నంబరు, చూడి పరీక్ష తేదీ, పాలు ఆపవలసిన తేదీ, ఈనవలసిన తేదీ, టీకాలు, నట్టల మందు. ఈనిన నెలలోపల వచ్చిన ఎదను కూడా వ్రాయండి. దానికి వేయించనక్కరలేదు గాని తరువాతి ఎదకు అదే ఆధారం. వ్రాయడం రానివారు ఇంట్లో ఉంటే పండుగల క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఒక సున్న చుట్టినా చాలును. మా అమ్మ చేసేది అదే.

ముఖ్యంగా, పశువును చూసేవారిని డాక్టరు ముందుకు రానివ్వండి. ఆయన వచ్చినప్పుడు మగవాళ్ళం ముందు నిలబడి జవాబులు చెబుతాము. తెలిసినవారు గడపలో నిలబడి ఉంటారు.

గౌరి ఆ తరువాత 2019 జూన్ 24 న మొదటి సూదికే నిలిచి, 2020 మార్చి 31 న నాలుగవ ఈత ఈనింది. రెండు ఈతలకూ మధ్య 363 రోజులు. అవి కరోనా రోజులు. బస్సులు లేవు, ఆఫీసు మూత, పొరుగూరు పోయే వీలు లేదు. ఏ రోజున ఈనుతుందో ముందే తెలుసు గనుక పచ్చిగడ్డి, దాణా, లవణమిశ్రమం ముందే తెచ్చి పెట్టుకొన్నాము. ఆ రెండు నెలలు ఇంటిని నడిపినది దాని పాలే. సంతలో పన్నెండు వేలకు పోవలసిన ఆవు.

మా ఇంట ఇప్పుడు నాలుగవ పుస్తకం నడుస్తున్నది. ఆ పెయ్య కూడా ఈనింది. దాని పుట వేరు. మన సోదర కుటుంబాలలో ఒక్క పశువు ఉన్నవారైనా సరే, ఈ పత్రిక చదవడం ముగించగానే పాత నోటుపుస్తకం ఒకటి వెదికి, దారం కట్టి కొట్టంలో వ్రేలాడదీయవలసినదిగా మా ప్రార్థన. మొదటి గీత వ్రాసే ముందు ఇంట్లో పాలు పితికేవారిని పిలిచి, చివరిసారి తీగ ఎప్పుడు చూశారో అడగండి. వారికి తెలిసే ఉంటుంది.